ఇస్త్రీ చేసిన వాంగ్మూలం

మా ఆఫీసులో నన్ను ఇస్త్రీగారు అంటారు. ముఖం మీద అనరు, నేను గది దాటాక అంటారు. నాకూ చెవులున్నాయి కదా. ఆ పేరు విని నాకెప్పుడూ కోపం రాలేదు, పైగా లోపల్లోపల కాస్త మురిసిపోయేవాణ్ణి. ఎందుకంటే నేను చేసే పని అదే. కోర్టు భవనం కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న మూడో గదిలో, సాక్షులూ ముద్దాయిలూ విచారణాధికారి ముందు కూర్చుని చెప్పే మాటల్ని నేను కాగితం మీద పెడతాను. జనం మాటలు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు. దొంగతనం గురించి అడిగితే మేనమామ పెళ్ళి దగ్గర మొదలుపెట్టి, పక్కింటి కుక్క దగ్గర ఆగుతారు. వాటిని దులిపి, ముడతలు తీసి, ఎవరు చదివినా ఒకేలా అర్థమయ్యేటట్టు చెయ్యాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను.

నాకీ పని నేర్పింది పాత హెడ్డు గుమాస్తా. చేరిన రోజే చెప్పారాయన, కోర్టు కాగితానికి ఏడుపు అంటకూడదని. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, అంతవరకే మన పని అన్నారు. నా కాగితాల్లో ఆయన ఎర్రసిరాతో కొట్టేసే మాటల్లో మొదటిది ‘పాపం’, రెండోది ‘అసలు’, మూడోది క్రియ మధ్యలో దూరే ‘కు’. మనవాళ్ళు ఏం చేసినా దానికో ‘కు’ తగిలిస్తారు. తలుపు వేసుకున్నాను, దీపం ఆర్పుకున్నాను, చొక్కా ఉతుక్కున్నాను. తలుపు వేశాను అంటే తలుపు పడదా అనేవారాయన. పడుతుందనే నేనూ అనుకున్నాను. అప్పట్నుంచీ తలలో పేలు ఏరినట్టు వేల కాగితాల్లోంచి ‘కు’లు ఏరి పారేశాను. ఏ పై కోర్టూ నా కాగితాన్ని అర్థం కాలేదని తిప్పి పంపలేదు. కొత్తగా చేరిన గుమాస్తాలకు నేనూ అదే పాఠం చెప్పేవాణ్ణి. చట్టం వినదయ్యా, చదువుతుంది, కాబట్టి చదవడానికి వీలుగా రాయండి అనేవాణ్ణి. పెద్ద తెలివైన మాట చెప్పినట్టు ఆ తర్వాత కాసేపు కళ్ళజోడు తుడుచుకునేవాణ్ణి.

అలా ఒక ‘కు’ తీసేసి నేనొక మనిషిని బోనులో నిలబెట్టాను. ఆ సంగతి చెప్పడానికే ఇంత మొదలుపెట్టాను.

ఆవిడకి ఒక పేరు ఉంది, కాగితాల్లో అదే ఉంది. కానీ వీధిలో అందరికీ మిషనక్క. స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. తల్లీ తండ్రీ వెంటవెంటనే పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ తమ్ముడు పెద్దవాడై భవనాలకు రంగులు వేసే పనిలో చేరాడు. ఓ రోజు మూడో అంతస్తు నుంచి పడ్డాడు. నడుము విరిగి రెండేళ్ళు మంచం మీదే ఉన్నాడు. ఉన్నది ఒక్క గది కాబట్టి కుట్టుమిషనూ వాడి మంచమూ పక్కపక్కనే. నొప్పికి డాక్టరు ఒక మందు రాశాడు. సీసా మూతతో కొలిచి రోజుకు ఒక్కసారే పొయ్యాలి, ఎక్కువైతే ఊపిరి అందదు. స్కూళ్ళు తెరిచే ముందు వారం, నలభై రెండు జతల బట్టలు ఒక్క రోజులో ఇవ్వాల్సిన నాడు, ఆ మందు వాడికి రెండుసార్లు పడింది. మధ్యాహ్నం మూడింటికల్లా ప్రాణం పోయింది.

ఆసుపత్రివాళ్ళు మందు ఎక్కువైందని రాశారు. మర్నాడు పదకొండు గంటలకు ఆవిణ్ణి మా గదికి తీసుకొచ్చారు. జుట్టులో తెల్ల దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. మా విచారణాధికారి మంచివాడే, ఎవరి మీదా గొంతు పెంచడు. కానీ ఆ రోజు ఆయన ముందు పదకొండు వాంగ్మూలాలున్నాయి, ఆవిడది నాలుగోది. మంచినీళ్ళు ఇప్పించి, జరిగింది చెప్పమన్నాడు. ఆవిడ చాలాసేపు గోడకేసి చూసింది. నేను పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

“పొద్దున పోశాను సార్. మళ్ళీ మధ్యాహ్నం పోశాను. నా తమ్ముణ్ణి నా చేతులారా నేనే చంపుకున్నాను.”

అంతే. ఆ తర్వాత మాట పెగల్లేదు. ఏడుపు కూడా సరిగ్గా రాలేదు, ఎక్కిళ్ళు వచ్చాయి. అధికారి ఇంకో రెండుసార్లు అడిగి చూసి, ఇక ముగించండి గుమాస్తాగారూ అన్నాడు. నేను టైపు చేశాను. ‘ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మందు పోశాను. నా తమ్ముణ్ణి నా చేతులారా నేనే చంపాను.’

చదివి వినిపించాను. నేను చదువుతుంటే బస్సు కండక్టరు స్టాపుల పేర్లు అరిచినట్టుంటుందని మా ఆవిడ అంటుంది. మిషనక్క తల ఊపింది. ఆ క్షణంలో నువ్వే భూకంపం తెప్పించావని చదివినా ఊపేదే. చివర ఎప్పుడూ ఉండే వాక్యం ఉంది, చదివి వినిపించగా సరియే అని ఒప్పుకున్నారు అని. దాని కింద ఆవిడ సంతకం, ఆ కింద అధికారి సంతకం, పక్కన నాది. మూడూ పడ్డాక పెన్సిలుతో రాసిన చిత్తుకాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను. ఒకే మాటకు రెండు కాగితాలుంటే గొడవలొస్తాయని పదేళ్ళ కిందట ఆ పద్ధతి పెట్టించింది కూడా నేనే. మెచ్చుకుంటూ పెద్దాఫీసు నుంచి ఉత్తరం కూడా వచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను శుభ్రంగా భోంచేశాను. ఐదో మనిషిని పిలిచారు, ఆయన మాటలూ రాశాను. నాకేమీ అనిపించలేదు, అది దాచి లాభం లేదు.

ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున మా ఆవిడ కుర్చీలో పెట్టిన తన కళ్ళజోడు మీద తనే కూర్చుంది. చేయించుకుని వారం కాలేదు. రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని, చేతులారా విరగ్గొట్టుకున్నానండీ అంది. నేను ఊరుకుంటే పోయేది. విరిగింది చేతులతో కాదు కదా అన్నాను. అదీ చాలక, విరగ్గొట్టాను అంటే సరిపోతుంది, మధ్యలో ఆ ‘కు’ ఎందుకు అన్నాను. ఇలాంటివి ముప్ఫై ఏళ్ళుగా అంటున్నాను, ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా నవ్వి ఊరుకుంటోంది. ఆ రోజు నవ్వలేదు.

“విరగ్గొట్టాను అంటే పనిగట్టుకుని విరగ్గొట్టినట్టు. విరగ్గొట్టుకున్నాను అంటే పోయిందీ నాదే, ఏడ్చేదీ నేనే అని. ఇన్నేళ్ళు జనం మాటలు రాశారు, ఆ మాత్రం తెలీదా మీకు?”

ఏదో ఒకటి అనబోయి నోరు తెరిచాను. చేతులారా అన్న మాట అప్పుడు చెవిలో తగిలింది. అంతకు రెండు రోజుల ముందే, శుక్రవారం, మిషనక్క ఫైలు కాపీలు తీసి పైనున్న పెద్ద కోర్టుకు పంపాను. ఫైలు అట్ట మీద ‘హత్య’ అని ఉంది. అది చూసి, అబ్బో అనుకున్నాను కూడా. ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో నిలబడి ఉండగా మిషనక్క గొంతు ఉన్నదున్నట్టు వినిపించింది. చంపుకున్నాను. నేను రాసింది అది కాదు.

మా ఆవిడకు అంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు ముక్కలు బల్ల మీద పెట్టి కూర్చుంది. ఒక్క అక్షరమేగా, రేపు వెళ్ళి దిద్దించండి అంది. ఒక్క అక్షరమేనే అన్నాను. ఆ ఒక్క అక్షరం మీద ఎంత బరువుందో ఆవిడకు చెప్పలేదు. నాకు తెలుసు. ఆ బరువు పడేటట్టు ఏర్పాటు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

సోమవారం పొద్దున్నే విచారణాధికారి గదిలో నిలబడ్డాను. ఆయనకు మిషనక్క గుర్తులేదు. రోజుకు పదిమందిని చూస్తాడు, ఎవరని గుర్తుపెట్టుకుంటాడు. ఫైలు తీసి చూపిస్తే అప్పుడు, ఆ, ఎక్కిళ్ళు పెట్టిన మనిషి అన్నాడు. నేను చెప్పింది ఓపిగ్గా విన్నాడు. మూడు సంతకాలు పడ్డ కాగితంలో చుక్క పెట్టినా అది నేరమే గుమాస్తాగారూ, మీరే కదా అందరికీ చెప్పేది అన్నాడు. చిత్తుకాగితం ఉందా అని అడిగాడు. చించేశానన్నాను. మరి చించకుండా ఎలా ఉంటారులెండి, మీ పద్ధతే కదా అని, వెక్కిరించడానికి కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. ఆ తర్వాత తలుపు వేసి కూర్చోబెట్టాడు.

“మీరు బోనెక్కి మాట మార్చి రాశానంటే, జైల్లో ఉన్న ప్రతివాడూ రేపు నా మాటా మార్చాడంటాడు. వాళ్ళలో ఎంతమందివి నిజంగా మార్చారో మీకు తెలుసా?”

తెలియదు. అదే నన్ను తినేసింది. ఆ మధ్యాహ్నం రికార్డు గదిలోకి వెళ్ళి పాత కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. రెండు గంటలు చదివాను. తీశాడు, కొట్టాడు, పోగొట్టింది, వదిలేశాను. అన్నీ తిన్నగా, నున్నగా ఉన్నాయి. ఆ నునుపు కింద అసలు మనుషులు ఏమన్నారో ఒక్క చోట కూడా కనిపెట్టలేకపోయాను. అంత బాగా చేశాను నా పని. పాత హెడ్డు గుమాస్తా బతికుంటే వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుందామనిపించింది. కానీ ఆయన చెప్పింది పేలు ఏరమని, తల తీసెయ్యమని కాదు. తేడా చూసుకోవలసింది నేను.

మిషనక్క తరఫున వాదించడానికి లాయరును పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి కోర్టే ఒకరిని కేటాయించింది. చిన్న వయసు అమ్మాయి. మేమంతా లాయరమ్మ అంటాం. ఎప్పుడూ రెండు చేతుల్లోనూ ఫైళ్ళుంటాయి, తలుపులు భుజంతో నెట్టుకుని వస్తుంది. వరండాలో ఆవిణ్ణి ఆపి నేను సంగతంతా చెబుతుంటే ఆ ఫైళ్ళు కిందికి జారుతున్నాయి, ఆవిడ పట్టించుకోలేదు. మొత్తం కేసు ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉందని చెప్పింది. పనిలో పడి మొదటిసారి పోసిన సంగతి మర్చిపోయాను, వాడు నొప్పి అక్కా అంటే మళ్ళీ పోశాను అని మిషనక్క తర్వాత చెప్పింది. కానీ మొదటి వాంగ్మూలంలో ఆ మాట లేదు కాబట్టి, అది తర్వాత పుట్టిన కథ అంటున్నారు. రెండేళ్ళు చాకిరీ చేసి విసిగిపోయి వదిలించుకుంది అంటున్నారు.

“ఆ వాక్యం పడిపోతే ఇది పొరపాటు, ఆవిడ ఇంటికెళ్తుంది. నిలబడితే హత్య. మీరు సాక్ష్యం చెబుతారా అంకుల్?”

చెబుతానన్నాను. ఉద్యోగం ఇంకో ఏడు నెలలే ఉంది. మా ఆవిడతో చెబితే, పెన్షన్ మాట నేనడిగానా అంది. అడగలేదు. నేనే తలుచుకున్నాను, సిగ్గేసింది.

పెద్ద కోర్టు హాలు పై అంతస్తులో ఉంది. ఇన్నేళ్ళలో వందలసార్లు కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్ళాను కానీ, బోనులోంచి అది ఎలా కనబడుతుందో ఆ రోజే తెలిసింది. కొయ్య కటకటాలు నడుము దాకా వస్తాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎదురుగా మిషనక్క బెంచీ మీద కూర్చుని ఉంది, రెండు పక్కలా ఇద్దరు ఆడ పోలీసులు. బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టినట్టు లేదు.

లాయరమ్మ అడిగినదానికి నేను తడబడకుండా చెప్పాను. ఆవిడ అన్నది చంపుకున్నాను అని, నేను రాసింది చంపాను అని. ఆ రెంటికీ ఎంత తేడా ఉందో కళ్ళజోడు సంగతితో సహా చెప్పాను. హాల్లో కొందరు నవ్వారు, జడ్జిగారు నవ్వలేదు. ఆయన తెల్లజుట్టు మనిషి, ఏది చెప్పినా రాసుకుంటూ వింటాడు. కళ్ళజోడు సంగతీ రాసుకున్నాడు. నాకు ఆశ పుట్టింది.

అప్పుడు ప్రభుత్వ లాయరు లేచాడు. గొంతు పెంచలేదు, చాలా మర్యాదగా అడిగాడు. ఆ రోజు ఎన్ని వాంగ్మూలాలు రాశారన్నాడు. పదకొండన్నాను. ఐదోది ఎవరిదన్నాడు. గుర్తులేదు. మూడో మనిషి మొదటి మాట ఏమిటన్నాడు. గుర్తులేదు. అంటే పదిమంది మాటలు మర్చిపోయి ఈవిడ మాట ఒక్కటే అక్షరంతో సహా గుర్తుంది, అదీ ఐదు నెలల తర్వాత, అదీ మీ భార్య కళ్ళజోడు విరిగాక అన్నాడు. ఔనన్నాను. చెబుతుంటే నాకే అది నమ్మేటట్టు అనిపించలేదు. తర్వాత నా సంతకం చూపించాడు.

“సరియే అని ఒప్పుకున్నారు అని రాసి సంతకం పెట్టారు. అది అబద్ధమా?”

అబద్ధం కాదు, పొరపాటు అన్నాను. ఇలాంటి పొరపాట్లు ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని చేశారన్నాడు. తెలియదన్నాను. అయితే మీరు రాసిన కాగితాన్ని నమ్మకూడదు, మీ జ్ఞాపకాన్ని మాత్రం నమ్మాలి, అంతే కదా అని కూర్చున్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి. ఇంకా బాగా అడిగేవాణ్ణి.

జడ్జిగారు కలం కింద పెట్టారు. నన్ను ఇంకా బోనులోంచి దిగమనలేదు.

“మీరు నిజమే చెబుతున్నారని నాకనిపిస్తోంది. కానీ నాకనిపించింది తీర్పు కాదు. ఇవాళ మీ మాట మీద ఈ కాగితంలో ఒక అక్షరం కలిపితే, రేపు ఇంకొకరొచ్చి చంపుకున్నాను అన్న మాట తప్పు, చంపాను అనే అన్నాడు అంటారు. ఆ రోజు బోనులో ఉన్నవాడికి నేనేం చెప్పను?”

ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. ఎన్నో రాత్రులు ఆలోచించాను, ఎక్కడా పట్టు దొరకలేదు. కాగితం మారకూడదన్న నియమం లేకపోతే, బలవంతుడు ఏ పూటకాపూట తనకు కావలసినట్టు రాయించుకునేవాడు. దిక్కులేనివాళ్ళను కాపాడటానికే ఆ నియమం పెట్టారు. ఇంతకుముందు ఎంతమందిని కాపాడిందో నా కళ్ళతో చూశాను కూడా. ఇప్పుడు దాని కింద ఒక దిక్కులేని మనిషి పడింది. దాన్ని ఎత్తాలంటే అందరి మీదనుంచీ ఎత్తాలి. ఎత్తేవాళ్ళెవరు, ఎత్తమని అడిగేవాళ్ళెవరు? నా మాట మాత్రం అక్కడితో అయిపోయింది.

కానీ జడ్జిగారు వదలలేదు. ఆయనకు చేతనైనంత దూరం వచ్చాడు. ముద్దాయినే అడుగుతానన్నాడు. ఆ హాల్లో ఈ మధ్యే మాటల్ని ఉన్నదున్నట్టు పట్టుకునే యంత్రం ఒకటి పెట్టారు. మా కింది గదులకు ఇంకా రాలేదు. ఇక్కడ చెప్పేది ఒక్క అక్షరం కూడా మారదమ్మా, నిదానంగా చెప్పండి అని ఆవిడతో అన్నాడు. మిషనక్క లేచి నిలబడింది. లాయరమ్మ అప్పటికి రెండు వారాలుగా జైలుకు వెళ్ళి ఆ ఒక్క మాటే చెప్పి వస్తోంది. చంపుకున్నాను అని అన్నానండి అని చెప్తే చాలక్కా, ఇంకేమీ వద్దు, అని. ఆవిడ అలాగేనంటూ తల ఊపేదట. ఆ తల ఊపడం గురించి నేను లాయరమ్మకు ముందే చెప్పి ఉండాల్సింది.

“అధికారి ముందు మీరు చంపాను అన్నారా, చంపుకున్నాను అన్నారా?”

లాయరమ్మ పెదవులు కదులుతున్నాయి, పరీక్షలో పిల్లకు జవాబు అందిస్తున్న తల్లి మాదిరి. మిషనక్క జడ్జిగారిని చూసింది. లాయరమ్మను చూసింది. నన్ను చూసి, ఇప్పుడు గుర్తుపట్టింది.

“రెంటికీ తేడా ఏముందయ్యా? పోసింది నేనే. ఎలా రాసుకున్నా వాడు రాడు కదా.”

లాయరమ్మ గబుక్కున లేచి ఏదో అనబోయింది. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, ప్రశ్న ఇంకోసారి అడిగాడు, ఇంకా నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి. ఆవిడ తన బెంచీ ముందున్న కొయ్య కటకటాల మీద చెయ్యి పెట్టి, చివికి లేచిన ఒక పేడును బొటనవేలితో నొక్కుతూ నిలబడింది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. నా ఉద్యోగం, నా పరువు, ఇరవై తొమ్మిదేళ్ళ నా పని అంతా తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒక్క అక్షరం పలకమంటే పలకలేదు. ఆ కోపం రెండు నిమిషాలుంది. ఆ తర్వాత అర్థమైంది, ఆవిడకు నిజంగానే తేడా లేదు. తమ్ముడు పోయిన రోజునే ఆవిడ తనకు తీర్పు చెప్పుకుంది. మా తీర్పు ఏదైనా ఆవిడకు ఒకటే. యంత్రం మాత్రం ఆవిడ అన్నది అన్నట్టే పట్టుకుంది. ఇస్త్రీ చేసేవాళ్ళెవరూ మధ్యలో లేరు. ‘రెంటికీ తేడా ఏముందయ్యా? పోసింది నేనే.’ ప్రభుత్వ లాయరుకు అంతకంటే ఏం కావాలి?

పది రోజులకు తీర్పు వచ్చింది. హత్యను ఒక మెట్టు కిందికి దించి, తనకు చేతనైనంత తగ్గించి వేశారు, ఏడేళ్ళు. జడ్జిగారు తీర్పులో నా గురించి కూడా ఒక పేరా రాశారు. సాక్షి చిత్తశుద్ధిని శంకించడం లేదు, అయినా అతని సాక్ష్యాన్ని ఆధారంగా తీసుకోలేం అని. మా ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. మా ఆవిడ దాన్ని చదివి మడతపెట్టి సొరుగులో పెట్టింది.

తీర్పు కాపీ ఒకటి ముద్దాయికి ఊరికే ఇవ్వాలని నియమం. అది టైపు చేయించి, సంతకం తీసుకుని ఇవ్వడం మా గది పనే. వేరే గుమాస్తాను పంపొచ్చు, నేనే వెళ్ళాను. కింద వరండాలో, పోలీసు బండి వచ్చేదాకా ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను పక్కన నిలబడ్డాను. తప్పు నాదమ్మా అన్నాను. ఆ మాట ఇంట్లో పదిసార్లు అనుకుని వచ్చాను, అనేసరికి అది కూడా కాగితంలోంచి చదివినట్టే వచ్చింది. ఆవిడ నా మాట పట్టించుకున్నట్టు లేదు. కాపీ అందుకుని, పేజీలు తిప్పి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

“నా కళ్ళు సరిగ్గా ఆనట్లేదన్నా. వాడి పేరు అన్నిచోట్లా సరిగ్గా రాశారో లేదో కాస్త చూసి చెప్పరా? స్కూల్లో కూడా ఎప్పుడూ తప్పే రాసేవాళ్ళు.”

నేను ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశాను. ఆ పేరు పద్నాలుగు చోట్ల ఉంది. ఒక్క దీర్ఘం తప్పిపోలేదు, ఒక్క ఒత్తు జారలేదు. రెండోసారి కూడా చూశాను. అన్నిచోట్లా సరిగ్గానే ఉందమ్మా అని చెప్పాను.